వచ్చే మెయిల్ వస్తోంది, వెళ్లే మెయిల్ ఎక్కడ ఆగుతోంది?

కంప్యూటర్‌లోని థండర్‌బర్డ్, అవుట్‌లుక్ వంటి మెయిల్ ప్రోగ్రామ్ ఇన్‌బాక్స్‌లోకి కొత్త మెయిళ్లు ఎప్పటిలాగే వచ్చిపడుతుంటాయి. జవాబు రాసి ‘సెండ్’ నొక్కితే మాత్రం తెర మీద ఓ పెట్టె తెరుచుకుని మెయిల్ వెళ్లలేదంటుంది. రావడానికి లేని అడ్డు వెళ్లడానికి ఎందుకొచ్చిందన్న అనుమానం సహజమే. ఆ అనుమానంతోనే చాలామంది ఖాతాను మొత్తంగా తీసేసి మళ్లీ కలుపుతారు. ఇది తొందరపాటు. ఖాతా పాప్ పద్ధతిలో ఉండి, మెయిళ్లు సర్వర్‌లో మిగలకుండా కంప్యూటర్‌లోకే దిగుతుంటే, ఖాతాతో పాటు ఏళ్లనాటి మెయిళ్లన్నీ పోయే ప్రమాదం ఉంది. పైగా లోపం ఖాతా మొత్తంలో ఉండటం అరుదు. పంపే దారిలో ఏదో ఒక్క మెట్టు దగ్గర పని ఆగి ఉంటుంది. ఆ మెట్టు ఏదో తేలితే మార్చాల్సింది కూడా సాధారణంగా ఒక్క సెట్టింగే.

రాకకు ఒక దారి, పోకకు మరో దారి

మెయిల్ తెచ్చుకోవడానికి డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఐమ్యాప్‌ను గానీ పాప్‌ను గానీ వాడుతుంది. పంపడానికి వాడేది ఎస్‌ఎంటీపీ. ఇవి వేర్వేరు భాషలు, చాలాచోట్ల వేర్వేరు సర్వర్లు కూడా. అందుకే సర్వర్ పేరు, పోర్టు (సర్వర్‌లో ఒక్కో సేవకు ఉండే ద్వారం) సంఖ్య, ఎన్‌క్రిప్షన్ రకం, లాగిన్ పద్ధతి అనే నాలుగు వివరాలనూ ప్రోగ్రామ్ రెండు వైపులకూ విడివిడిగా దాచుకుంటుంది. ఒకవైపు సరిగ్గా ఉందంటే రెండోవైపూ సరిగ్గా ఉన్నట్టు కాదు.

థండర్‌బర్డ్‌లో ఈ విభజన కంటికి కనిపిస్తుంది. ఖాతా సెట్టింగ్స్ తెరిస్తే ఎడమ పట్టీలో అన్ని ఖాతాల కింద, అట్టడుగున ‘అవుట్‌గోయింగ్ సర్వర్’ అని ప్రత్యేకంగా ఉంటుంది. పంపే సర్వర్ల జాబితా అంతా అక్కడే. ఏ ఖాతా ఏ సర్వర్ గుండా పంపాలన్నది మాత్రం ఆ ఖాతా పేరు మీద నొక్కితే వచ్చే పేజీ చివర్లో ఎంచుకోవాలి. రెండు మూడు ఖాతాలున్న కంప్యూటర్‌లో మొదట చూడాల్సింది ఇదే. పాత ఖాతా తీసేసినప్పుడు దాని సర్వర్ జాబితాలో మిగిలిపోవచ్చు, కొత్త ఖాతా పొరపాటున దానికే ముడిపడి ఉండవచ్చు.

ఎస్‌ఎంటీపీ చరిత్ర తెలిస్తే ఇప్పటి చిక్కులు సగం అర్థమవుతాయి. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ పేరుతో వెలువడిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 821 ఈ పద్ధతిని నిర్వచించింది. అందులో పాస్‌వర్డ్ ప్రస్తావనే లేదు. ఎవరు ఏ సర్వర్‌కు ఉత్తరం ఇచ్చినా అది పుచ్చుకుని ముందుకు పంపేది. స్పామ్ పెరిగాక లాగిన్‌ను, ఎన్‌క్రిప్షన్‌ను, మనుషులు పంపే మెయిల్ కోసం ప్రత్యేక పోర్టును ఒక్కొక్కటిగా తర్వాతి ఏళ్లలో అతికించారు. ఇలా విడివిడిగా వచ్చి చేరినవి కాబట్టే విడివిడిగా చెడతాయి.

సెండ్ నొక్కాక జరిగే సంభాషణ

ప్రోగ్రామ్ ముందుగా సర్వర్ పేరును ఐపీ చిరునామాగా మార్చుకుంటుంది. ఆ చిరునామాలో చెప్పిన పోర్టుకు కనెక్ట్ అవుతుంది. ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టి, తానెవరో నిరూపించుకోవడానికి సర్వర్ చూపించిన సర్టిఫికెట్‌ను పరిశీలిస్తుంది. లాగిన్ అవుతుంది. పంపుతున్నది ఎవరో చెబుతుంది, తర్వాత అందుకునేవారి చిరునామాలు ఒక్కొక్కటిగా చెబుతుంది. ఆ పైన ఉత్తరం మొత్తాన్ని అప్పగిస్తుంది. సర్వర్ 250 అని జవాబిస్తే అప్పగింత పూర్తయినట్టు. చివరగా ఒక నకలును ‘సెంట్’ ఫోల్డర్‌లో పెడుతుంది. ఈ వరుస గుర్తుంటే లోపం చెప్పే వాక్యాన్ని బట్టి ఎంతదాకా వెళ్లి ఆగిందో పోల్చుకోవచ్చు. పాస్‌వర్డ్ తప్పని సర్వర్ అన్నదంటే పేరు, పోర్టు, ఎన్‌క్రిప్షన్ మూడూ సరిగ్గా ఉన్నట్టే. ఇక వాటి జోలికి వెళ్లకూడదు. సర్వర్ స్పందించలేదన్న మాట వస్తే పాస్‌వర్డ్ మార్చి ప్రయోజనం లేదు, సంభాషణ పాస్‌వర్డ్ దాకా రానేలేదు.

సర్వర్ ఇచ్చే మూడంకెల సంఖ్యలో మొదటి అంకె కీలకం. 4తో మొదలైతే తాత్కాలిక అడ్డంకి, కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు. 5తో మొదలైతే ఉన్నదున్నట్టుగా ఎన్నిసార్లు పంపినా అదే జవాబు వస్తుంది, ఏదో ఒకటి మార్చాల్సిందే. సంఖ్య పక్కన చుక్కలతో విడదీసిన మరో మూడంకెలు ఉంటే అవి ఇంకా కచ్చితంగా చెబుతాయి. 5.1.1 అంటే అలాంటి చిరునామా లేదని, 5.2.2 అంటే అవతలి పెట్టె నిండిందని, 5.7తో మొదలైతే అనుమతికి లేదా భద్రతకు సంబంధించిన నిరాకరణ అని అర్థం. కంగారులో మూసేసే ఆ చిన్న పెట్టెలోనే రోగ నిర్ధారణ ఉంటుంది. కాబట్టి సెట్టింగ్స్ తెరవకముందే ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టుకోవడం, లేదా తెరను ఫొటో తీసుకోవడం మంచిది.

ఇంకో పని కూడా ముందే చేయాలి. అదే ఖాతాలోకి బ్రౌజర్‌లో లాగిన్ అయి అక్కడి నుంచి ఒక చిన్న మెయిల్ పంపి చూడాలి. అది వెళ్తే ఖాతా బాగానే ఉంది, లోపం ప్రోగ్రామ్‌లోనో నెట్‌వర్క్‌లోనో ఉన్నట్టు. అక్కడా వెళ్లకపోతే ఖాతా స్తంభించిందో, రోజువారీ పరిమితి దాటిందో, నిల్వ నిండిందో చూడాలి. అప్పుడు డెస్క్‌టాప్ సెట్టింగ్స్ ఎన్ని మార్చినా వృథా.

కనెక్షనే కుదరనప్పుడు

సర్వర్ కనిపించలేదన్న వాక్యం వస్తే పేరులో అక్షరదోషం ఉండొచ్చు, లేదా పేరును ఐపీ చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ పనిచేయకపోవచ్చు. పేరు కాపీ చేసి అతికించినప్పుడు చివర ఖాళీ చేరడం కూడా మామూలే. పేరు దొరికినా సర్వర్ పలకలేదంటే దృష్టి పోర్టు మీదకు మళ్లాలి.

వాడుకలో ఉన్న పోర్టులు మూడు. 25 అన్నది సర్వర్లు తమలో తాము మెయిల్ ఇచ్చిపుచ్చుకోవడానికి ఉద్దేశించింది. వైరస్ సోకిన కంప్యూటర్లు నేరుగా స్పామ్ కుమ్మరించకుండా ఇళ్ల కనెక్షన్లలో 25ను చాలా ఇంటర్నెట్ సంస్థలు మూసేశాయి. కొన్నేళ్ల కిందట 25తో పెట్టుకున్న ఖాతా ఇల్లు మారినా, ఇంటర్నెట్ మారినా హఠాత్తుగా ఆగిపోవడానికి కారణం ఇదే. మనుషులు తమ ప్రోగ్రామ్ నుంచి మెయిల్ అప్పగించడానికి ఉన్నవి 587, 465. వీటిలో 465 కథ కాస్త తమాషాగా ఉంటుంది. 1997లో ఎన్‌క్రిప్షన్‌తో కూడిన మెయిల్ కోసం దాన్ని కేటాయించి, మరుసటి ఏడాదే రద్దు చేశారు. అయినా వాడకం ఆగలేదు. చివరికి 2018 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8314 దాన్ని మళ్లీ గుర్తించడమే కాక, మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్ ఉండే ఆ పద్ధతే మేలని సిఫార్సు చేసింది. 465 కాలం చెల్లిందని చెప్పే పాత సూచనలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని పట్టించుకోనక్కర్లేదు.

పోర్టు తెరిచి ఉందో లేదో ప్రోగ్రామ్‌తో సంబంధం లేకుండా తేల్చుకోవచ్చు. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి, టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే ఆదేశానికి సర్వర్ పేరు, పోర్టు సంఖ్య ఇవ్వాలి. ఫలితం చివర ‘ట్రూ’ అని వస్తే దారి తెరిచే ఉంది. ‘ఫాల్స్’ అని వస్తే కంప్యూటర్‌ను కాసేపు ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి మళ్లీ అదే ఆదేశం ఇవ్వాలి. హాట్‌స్పాట్ మీద పనిచేస్తే అడ్డు ఆ వైఫైలోనో, రౌటర్‌లోనో, ఇంటర్నెట్ సంస్థ దగ్గరో ఉంది. రెండింట్లోనూ పనిచేయకపోతే అనుమానం కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్, యాంటీవైరస్, వీపీఎన్‌ల మీదకు రావాలి. స్పామ్ భయంతో కొన్ని వీపీఎన్ సేవలు మెయిల్ పోర్టులను మూసి ఉంచుతాయి. వీపీఎన్ ఆపి ఒకసారి పంపి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

ఎన్‌క్రిప్షన్ జోడీ తప్పితే

ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేదీ, తక్కువమందికి తెలిసేదీ ఈ మెట్టు. పోర్టు సంఖ్యకూ ఎన్‌క్రిప్షన్ రకానికీ జోడీ కుదరాలి. 465కు ‘ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్’, 587కు ‘స్టార్ట్‌టీఎల్‌ఎస్’. ఈ రెండూ ఇంచుమించు ఒకటేనని అనుకోవడం వల్లే తప్పు జరుగుతుంది. 465లో కనెక్ట్ అయిన మరుక్షణం నుంచే సంభాషణ రహస్యంగా సాగుతుంది. 587లో మొదట సర్వర్ మామూలు అక్షరాల్లో పలకరిస్తుంది, ప్రోగ్రామ్ తన పరిచయం చెప్పుకుంటుంది, ఆ తర్వాత ‘ఇక రహస్యంగా మాట్లాడుకుందాం’ అని ఆదేశం ఇస్తేనే ఎన్‌క్రిప్షన్ మొదలవుతుంది.

జోడీ తారుమారైతే రెండు రకాల లక్షణాలు కనిపిస్తాయి. వాటిని చూసే ఏది తప్పో చెప్పవచ్చు. 465 పెట్టి స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకుంటే, సర్వర్ పలకరింపు కోసం ప్రోగ్రామ్ ఎదురుచూస్తుంది. ప్రోగ్రామే ముందు ఎన్‌క్రిప్షన్ మొదలుపెడుతుందని సర్వర్ ఎదురుచూస్తుంది. ఇద్దరూ మౌనంగా కూర్చుంటారు. పంపుతున్నట్టు గీత కదులుతూనే ఉండి, చాలాసేపటికి గడువు ముగిసిందన్న మాట వస్తుంది. దీనికి విరుద్ధంగా 587 పెట్టి ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ ఎంచుకుంటే, రహస్య సందేశం వస్తుందనుకున్న ప్రోగ్రామ్‌కు మామూలు అక్షరాల పలకరింపు ఎదురవుతుంది. అది అర్థంకాక వెంటనే లోపం చూపిస్తుంది. అవుట్‌లుక్ అయితే మీరు ఎంచుకున్న ఎన్‌క్రిప్షన్ రకాన్ని సర్వర్ సమర్థించడం లేదంటుంది. చాలాసేపు వేచి విఫలమైతే ఒక తప్పు, క్షణంలో విఫలమైతే రెండో తప్పు. ఎన్‌క్రిప్షన్ ‘ఏదీ వద్దు’ అని పెట్టి 587 వాడితే మాత్రం ముందు స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఆదేశం ఇవ్వాలంటూ చాలా సర్వర్లు 530 సంఖ్యతో వెనక్కి పంపుతాయి.

ఇక సర్టిఫికెట్ హెచ్చరికలు. కంప్యూటర్ తేదీ తప్పుగా ఉంటే నిక్షేపంలాంటి సర్టిఫికెట్ కూడా గడువు తీరినట్టో, ఇంకా మొదలు కానట్టో కనిపిస్తుంది. బ్యాటరీ అయిపోయిన పాత మదర్‌బోర్డుల్లో ఇది తరచూ జరుగుతుంది. సొంత డొమైన్‌తో, ఒకే సర్వర్‌ను పలువురు పంచుకునే షేర్డ్ హోస్టింగ్ మీద నడిచే మెయిల్‌లో కారణం వేరే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సొంత డొమైన్ పేరు రాసి ఉంటుంది, సర్టిఫికెట్ మాత్రం హోస్టింగ్ సంస్థ సర్వర్ పేరు మీద ఉంటుంది. హెచ్చరిక పెట్టెలో సర్టిఫికెట్ వివరాలు తెరిచి అందులో ఏ పేరుందో చూసి, ఆ పేరు నిజంగా హోస్టింగ్ సంస్థదేనని వాళ్ల సహాయ పేజీలో నిర్ధారించుకున్నాక, సర్వర్ పేరు స్థానంలో దాన్నే రాయాలి. ‘ఎప్పటికీ నమ్ము’ అన్న మినహాయింపు నొక్కేయడం పరిష్కారం కాదు. రేపు ఎవరైనా నిజంగానే మధ్యలో దూరితే పట్టుకునే అవకాశాన్ని చేతులారా వదులుకున్నట్టే.

సర్టిఫికెట్ జారీచేసిన వారి చోట యాంటీవైరస్ పేరు కనిపిస్తే, బయటికి వెళ్లే మెయిల్‌ను అది మధ్యలో విప్పి చూస్తోందని అర్థం. దాని సెట్టింగ్స్‌లో మెయిల్ స్కానింగ్‌ను ఆపితే చాలు, యాంటీవైరస్ మొత్తాన్ని తీసేయనక్కర్లేదు. అటాచ్‌మెంట్‌ను డిస్క్ మీద తెరిచినప్పుడు, దాచినప్పుడు ఎలాగూ అది తనిఖీ చేస్తుంది. ఒక పాత చిక్కు కూడా ఉంది. థండర్‌బర్డ్ 78వ వెర్షన్‌తో, 2020లో, ఎన్‌క్రిప్షన్ పాత వెర్షన్లైన టీఎల్‌ఎస్ 1.0, 1.1లను మామూలుగా వాడటం మానేసింది. ఎప్పుడో పెట్టి వదిలేసిన కార్యాలయ సర్వర్లు ఆ పాత వెర్షన్లే మాట్లాడుతుంటే, ప్రోగ్రామ్ అప్‌డేట్ అయిన రోజే మెయిల్ ఆగిపోతుంది. తప్పు అప్‌డేట్‌దిలా కనిపించినా బాగుచేయాల్సింది సర్వర్‌నే.

పాస్‌వర్డ్ సరైనదే, కానీ ఒప్పుకోదు

535 అనే సంఖ్య వచ్చిందంటే లాగిన్ దగ్గర ఆగింది. ఇక్కడ మొదటి అనుమానం పాత పాస్‌వర్డ్ మీద. ఇన్‌కమింగ్ సర్వర్‌కు, అవుట్‌గోయింగ్ సర్వర్‌కు పాస్‌వర్డ్‌లను థండర్‌బర్డ్ వేర్వేరుగా దాస్తుంది. పాస్‌వర్డ్ మార్చాక ఒకదానికి కొత్తది ఇచ్చి, రెండోదానికి పాతదే మిగిలిపోయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద దాచిన పాస్‌వర్డ్‌ల జాబితా తెరిచి, ఎస్‌ఎంటీపీతో మొదలయ్యే వరుసను తొలగించి, ప్రోగ్రామ్ మూసి తెరిస్తే మళ్లీ అడుగుతుంది. పాప్, ఐమ్యాప్ ఖాతాలున్న క్లాసిక్ అవుట్‌లుక్‌లో అయితే, ఖాతా సెట్టింగ్స్‌లోని ‘మోర్ సెట్టింగ్స్’లో అవుట్‌గోయింగ్ సర్వర్‌కు లాగిన్ అవసరమన్న గడి టిక్ అయి ఉండాలి. ఆ ఒక్క టిక్ లేకపోవడం వల్ల సర్వర్‌కు పాస్‌వర్డ్ అసలు చేరనే చేరదు.

రెండో అనుమానం ఇంకా ముఖ్యమైనది. పెద్ద మెయిల్ సేవలు మామూలు పాస్‌వర్డ్‌తో డెస్క్‌టాప్ ప్రోగ్రాములను లోపలికి రానివ్వడం మానేశాయి. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాల్లో 2022 మే 30 నుంచి, వ్యక్తిగత అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతాల్లో 2024 సెప్టెంబర్ 16 నుంచి ఈ మార్పు అమలైంది. బ్రౌజర్‌లో పనిచేసే పాస్‌వర్డ్ ఇక్కడ చెల్లకపోవడానికి కారణం అదే. మిగిలిన దారులు రెండు, అవుట్‌లుక్ డాట్ కామ్‌లో మాత్రం మొదటిదే. ఒకటి ఓఆథ్2. ప్రోగ్రామ్ ఒక బ్రౌజర్ కిటికీ తెరుస్తుంది, లాగిన్ అక్కడే జరుగుతుంది, ప్రోగ్రామ్ చేతికి పాస్‌వర్డ్ బదులు ఒక అనుమతి టోకెన్ వస్తుంది. థండర్‌బర్డ్‌లో దీనికి కుకీలను అనుమతించి ఉండాలి. కుకీలు ఆపేసి ఉంటే ఆ కిటికీ తెరుచుకుని ముందుకు కదలదు. ఐమ్యాప్ వైపు ఓఆథ్2 పెట్టి, ఎస్‌ఎంటీపీ వైపు ‘నార్మల్ పాస్‌వర్డ్’ అలాగే వదిలేయడం అతి సాధారణమైన పొరపాటు. మెయిల్ వస్తుంది కానీ వెళ్లదన్న ఫిర్యాదులు చాలావరకు ఇక్కడికే వచ్చి చేరతాయి.

రెండో దారి యాప్ పాస్‌వర్డ్. జీమెయిల్‌లో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నాకే ఇది లభిస్తుంది. 16 అక్షరాలు ఉంటుంది, నాలుగేసి అక్షరాల గుంపులుగా కనిపిస్తుంది. మధ్య ఖాళీలు లేకుండా రాసుకోవడం మేలు. యాహూ, ఐక్లౌడ్ ఖాతాలకూ డెస్క్‌టాప్ ప్రోగ్రాముల కోసం ఇలాంటి ప్రత్యేక పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. చాలామంది మరిచిపోయే సంగతి ఏమిటంటే, గూగుల్ ఖాతా అసలు పాస్‌వర్డ్ మారిస్తే అప్పటిదాకా ఇచ్చిన యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. ఆపిల్ ఖాతాలోనూ అంతే. 534 సంఖ్యతో, 5.7.9 అన్న అంకెలతో జీమెయిల్ జవాబిస్తే, యాప్ పాస్‌వర్డ్ కావాలని అది సూటిగానే చెబుతున్నట్టు.

సంస్థల మైక్రోసాఫ్ట్ 365 ఖాతాల్లో 5.7.139 వస్తే, ఎస్‌ఎంటీపీ లాగిన్‌ను సంస్థ స్థాయిలోనో ఆ ఖాతాకో ఆపేసి ఉన్నారేమో ఆ సందేశం మిగతా భాగంలో చూడాలి. ఆపేసి ఉంటే వాడేవారు చేయగలిగింది లేదు, అడ్మిన్‌ను అడగాల్సిందే. లాగిన్ పద్ధతుల్లో ‘ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్’ అన్న ఎంపిక ఒకటుంది. పేరు భద్రంగా వినిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్నే ఎంచుకుంటారు. నిజానికి అది సీఆర్‌ఏఎమ్-ఎమ్‌డీ5 అనే పాత పద్ధతి, చాలా సర్వర్లలో ఉండదు. దారి మొత్తం టీఎల్‌ఎస్‌లో ఉన్నప్పుడు ‘నార్మల్ పాస్‌వర్డ్’ కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది. యూజర్‌నేమ్ చోట పూర్తి ఈమెయిల్ చిరునామా రాయాలన్నది చిన్న విషయమే అయినా చూసుకోవాల్సిందే.

సొంత హోస్టింగ్ సర్వర్లలో మరో ఉచ్చు ఉంది. తప్పు పాస్‌వర్డ్‌తో పదేపదే ప్రయత్నిస్తే ఫెయిల్2బ్యాన్ వంటి కాపలా ప్రోగ్రామ్ ఆ ఐపీ చిరునామానే అడ్డుకుంటుంది. దాని సహజ అమరికలో 10 నిమిషాల్లో 5 సార్లు తప్పితే 10 నిమిషాల నిషేధం. హోస్టింగ్ సంస్థలు దీన్ని ఇంకా కఠినం చేయవచ్చు. దాంతో పాస్‌వర్డ్ లోపం కాస్తా కనెక్షన్ లోపంగా వేషం మారుస్తుంది. కంప్యూటర్‌లో సరిచేసినా మళ్లీ మళ్లీ నిషేధం పడుతుంటే, అదే వైఫైలో ఉన్న పాత ఫోనో ట్యాబ్లెట్టో ఇంకా పాత పాస్‌వర్డ్‌తో తలుపు తడుతూ ఉండవచ్చు.

లోపలికి వెళ్లాక వచ్చే అభ్యంతరాలు

లాగిన్ మెట్టు దగ్గర ఆగకుండా ముందుకెళ్లాక ‘రిలే యాక్సెస్ డినైడ్’ అని 554తో గానీ 550తో గానీ వస్తే, బయటి డొమైన్‌కు మెయిల్ పంపే హక్కు మీకు లేదని సర్వర్ అంటోంది. లాగిన్ కాకుండానే పంపబోయినప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది. సొంత సంస్థలోని వారికి వెళ్తూ బయటివారికి మాత్రమే వెళ్లకపోతే దాదాపు కచ్చితంగా ఇదే. పంపేవారి చిరునామా మీద అభ్యంతరం వేరు. లాగిన్ అయిన ఖాతా ఒకటి, ‘ఫ్రమ్’ చిరునామా మరొకటి అయితే కొన్ని సర్వర్లు నిరాకరిస్తాయి. జీమెయిల్ మాత్రం నిరాకరించదు, వెబ్ సెట్టింగ్స్‌లో ఆ చిరునామాను ముందుగా నమోదు చేసుకోకపోతే ‘ఫ్రమ్’ను తన ఖాతా చిరునామాగా మార్చేసి పంపుతుంది. జవాబులు వేరే పెట్టెలోకి పోతున్నాయన్న అయోమయం అక్కడ మొదలవుతుంది.

అందుకునేవారి జాబితాలో ఒక్క చిరునామా చెడినా మొత్తం పంపకం ఆగవచ్చు. కాపీ చేసినప్పుడు చివర చేరిన చుక్క, కామా ఉండాల్సిన చోట సెమీకోలన్, కంటికి కనిపించని అక్షరం వంటివి చూడాలి. జాబితాను సగానికి విభజించి పంపుతూ పోతే దోషి త్వరగా దొరుకుతుంది. అవుట్‌లుక్‌లో పేరు టైప్ చేయగానే వచ్చే పాత సూచన వల్ల కూడా సహోద్యోగికి పంపిన మెయిల్ తిరిగి రావచ్చు. ఆ సూచన పక్కనున్న గుర్తు నొక్కి తొలగించి, చిరునామాను కొత్తగా రాయాలి.

అటాచ్‌మెంట్ లెక్క చాలామందికి అర్థం కాదు. ఫైళ్లను మెయిల్‌లో పెట్టడానికి బేస్64 అనే పద్ధతిలో అక్షరాలుగా మారుస్తారు. ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి, వరుసల మలుపులు కలిపితే పెరుగుదల దాదాపు 37 శాతం. 20 ఎంబీ ఫైలు దారిలో సుమారు 27 ఎంబీ అవుతుంది. 25 ఎంబీ దాకా పుచ్చుకునే సర్వర్ దాన్ని 552తో తిప్పికొడుతుంది. 18 ఎంబీ ఫైలు అంచు దాకా వచ్చినా వెళ్లిపోతుంది. చిన్న మెయిళ్లు వెళ్తూ, అటాచ్‌మెంట్ ఉన్నవి మాత్రం ఏ సంఖ్యా చెప్పకుండా మధ్యలో నిలిచిపోతుంటే పరిమాణం ఒక్కటే కారణం కాకపోవచ్చు. వీపీఎన్, పీపీపీఓఈ రకం బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ప్యాకెట్ పరిమాణం తగ్గుతుంది. పెద్ద ప్యాకెట్లు దారిలో చప్పుడు లేకుండా పోతాయి. లాగిన్ దాకా అన్నీ చిన్న ప్యాకెట్లే కాబట్టి అప్పటిదాకా ఏ తేడా కనిపించదు. ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని చెప్పే ఎంటీయూను 1400కు తగ్గించి చూడటం ఇక్కడ చేయదగ్గ పరీక్ష.

అప్‌లోడ్ వేగం తక్కువైతే వచ్చే చిక్కు వేరు. సెకనుకు 1 మెగాబిట్ వేగంతో ఆ 27 ఎంబీ వెళ్లడానికి మూడున్నర నిమిషాలకు పైనే పడుతుంది. క్లాసిక్ అవుట్‌లుక్‌లో సర్వర్ కోసం ఎదురుచూసే గడువు సహజంగా 1 నిమిషం. ‘అడ్వాన్స్‌డ్’ పేజీలోని జారుడు మీటతో 10 నిమిషాల దాకా పెంచవచ్చు.

అవుట్‌బాక్స్‌లో ఇరుక్కున్నవి, రెండుసార్లు వెళ్లినవి

ఏ లోపమూ చూపకుండా మెయిల్ అవుట్‌బాక్స్‌లోనే కూర్చుంటే ముందు ‘వర్క్ ఆఫ్‌లైన్’ నొక్కి ఉందేమో చూడాలి. థండర్‌బర్డ్‌లో ఈ గుర్తు కిటికీ అడుగున ఎడమ మూలన ఉంటుంది, పొరపాటున చెయ్యి తగలడం సులువు. క్లాసిక్ అవుట్‌లుక్‌లో ఒక వింత ఉంది. పంపడానికి వరుసలో ఉన్న మెయిల్ ఏటవాలు అక్షరాల్లో కనిపిస్తుంది. దాన్ని అవుట్‌బాక్స్‌లో తెరిచి చూసి మూసేస్తే వరుసలోంచి తప్పుకుంటుంది, అక్షరాలు నిటారుగా మారతాయి. మళ్లీ తెరిచి ‘సెండ్’ నొక్కితేనే కదులుతుంది. భారీ అటాచ్‌మెంట్‌తో ఇరుక్కుని తొలగించనివ్వకపోతే, ఆఫ్‌లైన్‌లోకి వెళ్లి, ప్రోగ్రామ్ మూసి తెరిచి, ఆ మెయిల్‌ను డ్రాఫ్ట్స్‌లోకి లాగాలి.

చివరి మెట్టు దగ్గర వచ్చే లోపం నలుగురిలో ఇబ్బంది పెట్టేది. ఉత్తరం వెళ్లిపోతుంది, సెంట్ ఫోల్డర్‌లో నకలు పెట్టడం మాత్రం విఫలమవుతుంది. పెట్టె సరిగ్గా చదవకుండా మళ్లీ ‘సెండ్’ నొక్కితే అవతలివారికి అదే మెయిల్ రెండోసారి, మూడోసారి వెళ్తుంది. ఇది ఎస్‌ఎంటీపీ సమస్య కాదు, ఐమ్యాప్ సమస్య. థండర్‌బర్డ్‌లో ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’ పేజీకి వెళ్లి, నకలు ఎక్కడ పెట్టాలో చూపే ఫోల్డర్ నిజంగా ఉందో లేదో, ఖాతా నిల్వ నిండిందో చూడాలి. జీమెయిల్ తన ఎస్‌ఎంటీపీ గుండా వెళ్లిన ప్రతి మెయిల్‌కూ నకలు తానే పెడుతుంది కాబట్టి అక్కడ ఆ టిక్ తీసేసినా నష్టం లేదు.

వెళ్లింది, అందలేదు

250 వచ్చి, సెంట్‌లో కనిపించి, అవతల అందకపోతే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ పని దాదాపు అయిపోయినట్టే. ఒక్క మినహాయింపు ఉంది. సొంత డొమైన్ చిరునామాతో రాసి, ఇంటర్నెట్ సంస్థ సర్వర్ గుండానో ఇంకో ఖాతా సర్వర్ గుండానో పంపితే, ఆ డొమైన్ తరఫున ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో ఆ సర్వర్ పేరు ఉండదు. పంపిన సర్వర్ మెయిల్‌కు జోడించే డీకిమ్ అనే డిజిటల్ సంతకమూ ఆ డొమైన్‌తో సరిపోదు. అందుకునే సర్వర్ దాన్ని స్పామ్‌లో పడేస్తుంది, లేదా 5.7.26 వంటి సంఖ్యతో తిరస్కరిస్తుంది. ఒక జీమెయిల్ ఖాతాకు పరీక్ష మెయిల్ పంపి, అక్కడ బ్రౌజర్‌లో ‘షో ఒరిజినల్’ తెరిస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్, వాటిని ‘ఫ్రమ్’ డొమైన్‌తో పోల్చే డీమార్క్ మూడింటి ఫలితాలూ పైనే కనిపిస్తాయి. ‘ఫెయిల్’ ఉంటే మొదట ఆ చిరునామాను దాని సొంత ఎస్‌ఎంటీపీ సర్వర్‌కు ముడిపెట్టాలి. డీఎన్‌ఎస్ రికార్డులను ముట్టుకోవడం ఆ తర్వాతే.

ఇంతచేసినా అంతు చిక్కకపోతే ప్రోగ్రామ్‌కూ సర్వర్‌కూ నడిచే సంభాషణనే చదవాలి. థండర్‌బర్డ్ కాన్ఫిగ్ ఎడిటర్‌లో ‘మెయిల్‌న్యూస్ డాట్ ఎస్‌ఎంటీపీ డాట్ లాగ్‌లెవెల్’ విలువను ‘ఆల్’ చేసి, కంట్రోల్, షిఫ్ట్, జే కలిపి నొక్కి ఎర్రర్ కన్సోల్ తెరిచి, ఒక మెయిల్ పంపితే ప్రతి వాక్యమూ అక్కడ పడుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాధనంతో టెర్మినల్ నుంచి చేత్తో మాట్లాడి చూసేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అందుకునేవారిని చెప్పే ‘ఆర్‌సీపీటీ’ ఆదేశం పెద్ద ‘ఆర్’ అక్షరంతో మొదలవుతుంది. వరుస మొదట ఆ అక్షరం కనిపిస్తే ఆ సాధనం దాన్ని తనకిచ్చిన ఆదేశంగా తీసుకుని ఎన్‌క్రిప్షన్‌ను తిరిగి మొదలుపెట్టబోతుంది. చిన్న అక్షరాల్లో రాస్తే సర్వర్‌కు తేడా ఉండదు, ఈ గొడవా ఉండదు.

ఆ సంభాషణ నమోదును, అంటే లాగ్‌ను, సహాయం కోసం ఎవరికైనా పంపేటప్పుడు ‘ఆథ్’ అని ఉన్న వరుసలు, వాటి వెంట వచ్చే వరుసలు చెరిపేయాలి. లాగిన్ వివరాలున్న వరుసలను థండర్‌బర్డ్ సహజంగా దాచిపెడుతుంది కానీ ఇతర సాధనాలన్నీ అలా చేయవు. అక్కడ కనిపించే అర్థంకాని అక్షరాల గుంపు బేస్64 మాత్రమే, రహస్య లిపి కాదు. అది చేతికందిన ఎవరైనా క్షణంలో పాస్‌వర్డ్‌గా మార్చుకోగలరు. అప్పటికే పంపేసి ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చి, కొత్తదాన్ని ఇన్‌కమింగ్, అవుట్‌గోయింగ్ రెండు వైపులా ఇవ్వాలి.